మూడు చుక్కల పానా

గ్రీమ్స్‌పేటలో దస్తగిరి పాతినుము అంగట్లో
కాటా మీదికి గోతం ఎత్తి
పదకొండున్నర కిలో అన్నాడు.
గోతం బరువు తీసెయ్యమన్నాను.
తుప్పు బరువు కూడా తీసెయ్యాల్నా అని నవ్వినాడు.

గుజ్జు ఫ్యాక్టరీలో మామిడి సీజను అయిపోయింది.
ఫిట్టరుకి ఆడి నెలంటే
చేతులుండీ పనిలేని నెల.

ఇంటెనక రేకుల కింద
ఖాళీ గుజ్జు డబ్బాలు వరసగా పెట్టి
ఒకదాంట్లో కిరసనాయిలు,
పెద్దదాంట్లో చింతపండు పులుసు.
రసానికి లేదుగానీ ఇనుపముక్కలకి కావాల్సొచ్చిందా
అని సణుగుతూనే కోమల
పోయినేటి నల్ల చింతపండు దోసెడు తెచ్చి వేసింది.

తెల్లారి చూస్తే నీళ్లు కాఫీ రంగు.
పైన చిన్న చిన్న బుడగలు,
అడుగున ఎవరో కూర్చుని
తీరిగ్గా ఏదో నములుతున్నట్టు.

ఇత్తడి తీగల బ్రష్షుతోనే రుద్దాలి.
ఉక్కు బ్రష్షు తుప్పుతోబాటు రాతనీ తినేస్తుంది.
రుద్దగా రుద్దగా ఒక గీత తేలింది,
గీతకింద ఐదు, పదహారు,
పక్కన ఒంటరిగా ఒక డబ్ల్యూ.

స్కేలు పెట్టి చూశాను. అంకె ఒకటి, నోరు ఒకటి.
పదమూడు నట్టుకి వదులు, పద్నాలుగుకి పట్టదు.
మన కాలంలో దేన్నీ పట్టుకోని నోరు.

సంతపేటలో దొరస్వామి మేస్త్రి
సంగటి తింటున్నాడు.
రెండు కళ్ళకీ పొర.
కుడిచెయ్యి ముద్దలో ఉంది,
ఎడంచేత్తో తడిమి చెప్పినాడు:

"ఆ అంకె దాని నోటి కొలత కాదప్పా,
నట్టు లోపలుండే బోల్టు లావు.
తెల్లోడి లెక్క అట్ట.
పానా తన సంగతి రాసుకోదు.
ఎవుర్ని పట్టుకోవాల్నో అదే రాసుకుంటాది."

ఇంకొకటి ఇచ్చాను.
కొలిమిలో కాల్చి మెడ వంచిన పానా,
ఒక దవడ ఆకురాయితో సన్నంగా అరగదీసింది.
నేను దాన్ని చెడిపోయిందనుకున్నాను.

"చెడేదేంది! బెడ్‌ఫోర్డు డైనమో వెనక
ఒక బోల్టుంటాది, దొంగబోల్టు.
మెడ వంచందే ఆ సందులోకి దారి లేదు."

బొటనవేలు పిడి మీదికి జరిగింది.
మూడు చుక్కలు, పంచితో కొట్టినవి.
నమలడం ఆపేసినాడు.

"మొగిలి ఘాటు కింద మా షెడ్డు.
పేరు రాసుకునే చదువు ఎవురికీ లేదు.
ఒక చుక్క పెద్దమేస్త్రిది.
రెండు నావి.
మూడు మొగిలమ్మవి.
ట్యూబుల పంక్చర్లేసేదానికొచ్చింది.
మా చేతులు పోని తావుకి ఆమె చెయ్యి పొయ్యేది.
ఈ మెడ ఆమే వంచుకునింది."

కాసేపాగి,
"కూలి మటుకు సగం," అన్నాడు.

తర్వాత?

"తర్వాత లారీలు మారిపోయినాయి,"
అని చెయ్యి కడుక్కోవడానికి లేచినాడు.

బెంగుళూరు హోటలాయనకి
గోడకి తగిలించే మెరుపు కావాలి.
పదిహేడింటిని మెరిపించాను.
రెండింటికి నాకు పేరు తెలీలేదు, మేస్త్రికీ తెలీలేదు.
వాటినీ మెరిపించాను, గోడ అడగదు గదా.

మెడవంపుదాన్ని మాత్రం పులుసులోంచి తీసి,
తుడిచి, ఇంజనాయిలు రాసి,
చుక్కల్లో గట్టిపడిన నల్లగ్రీజు తీద్దామని
సూది పట్టుకుని
మళ్ళీ సూది పెట్టేశాను.

కోమల దాన్ని తీసుకుంది.
అరిగిన పల్లంలో బొటనవేలు
అడక్కుండానే కూర్చుంది.
మిక్సీ కింద నట్టు వదులైంది, దీంతో బిగుస్తుందా అంది.
బిగవదన్నాను.
ఆ కొలత బోల్టు ఇప్పుడు మన వీధిలోనే ఉండదు.
కథంతా చెప్పాను.
సగం కూలి దగ్గర ఒకసారి నా వైపు చూసింది.

ఇది ఎంత పడింది మనకి?

పావుకిలో తూగదు.
కిలో నలభై రెండు లెక్కన
పది రూపాయలకి లోపే.

"చింతపండే ఎక్కువయింది," అంది,
పానా మాత్రం కింద పెట్టలేదు.